భండారి ధర్మము



క్రీస్తుశకము 12వ శతాబ్దమున కల్యాణ నగరమునందు బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు నిర్వహించిన పదవి భండారి పదవి. రాజ్యధనమును కాపాడుట, రాబడిని వ్రాయుట, వ్యయమును లెక్కించుట, అడిగిన క్షణమున లెక్క అప్పగించుట ఆ పదవికి ధర్మము. అంతకు ముందు మంగళవాడమున ఆయన కరణిక కాయకము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. శరణులు ఆయనను భక్తి భండారి యని కొనియాడిరి. ఆ బిరుదములోని భక్తిని వీరశైవ కుటుంబములు నిత్యము తలచుచున్నవి. అందులోని భండారిని తలచువారు తక్కువ.

పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమున ఒక ఘట్టము గలదు. బసవన్న రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునకు చెప్పిరి. రాజు లెక్క అప్పగింపుమనెను. బసవన్న కోపింపలేదు, సాకులు చెప్పలేదు, గడువు కోరలేదు. భండారము తెరిపించి లెక్కింపుడనెను. లెక్కించి చూడగా ధనము తరుగక నిండుగా నుండెను. ఈ కథను శివమహిమగా గ్రహించుట భక్తులకు సహజము. దానితోపాటు గ్రహింపవలసినది మరియొకటి గలదు. లెక్క చూపుమన్న నాడు వెనుదీయకుండుటయు భక్తుని లక్షణమే.

మూడవ మెట్టు

కాయకమును గూర్చియు, దాసోహమును గూర్చియు ప్రవచనములు వినని భక్తుడుండడు. సత్యశుద్ధమైన కాయకముచే ఆర్జించుట మొదటి మెట్టు. ఆర్జించినదానిని గురులింగజంగములకు, ఆకొన్నవారికి సమర్పించుట చివరి మెట్టు. ఈ రెంటి నడుమ మరియొక మెట్టు గలదు. అది లెక్క. ఆర్జించినదానిలో తనది యెంత, పరులది యెంత యని తేల్చుకొననివాడు దేనిని సమర్పించుచున్నాడో వానికే తెలియదు. తనదికానిదానిని సమర్పించినచో అది దాసోహమగునా?

ఈ ప్రశ్న నేడు మిక్కిలి అవసరమైనది. లింగాయత కుటుంబములలో అనేకులు దుకాణములు, మిల్లులు, చిన్న కర్మాగారములు నడుపుచున్నారు. మరికొందరు ఇతరుల సంస్థలలో మేనేజర్లుగా నున్నారు. వేకువనే ఇష్టలింగ పూజ చేసి, దినమంతయు శ్రమించి, ఒక్క అబద్ధమాడక వ్యాపారము చేసినవారును కొందరు అప్పులపాలగుచున్నారు. వారి లోపము శ్రమలో లేదు, భక్తిలో లేదు. లెక్కలో గలదు.

లక్కమ్మ అడిగిన ప్రశ్న

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిన శరణులు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారు జంగమ దాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు పరిమాణమునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచినంతనే మెచ్చుకొనలేదు. ఇంత ఎక్కువ ఏల తెచ్చితివని నిలదీసి, అధికమైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను.

ఆశ కూడదను నీతి ఈ కథలో స్పష్టముగా గలదు. అయితే అంతకన్న ముందుగా గమనింపవలసినది ఒకటి గలదు. ఆ దినపు బియ్యము అధికమని లక్కమ్మకు ఎట్లు తెలిసెను? ప్రతిదినము ఎంత వచ్చుచున్నదో, ఎంత వండుచున్నదో, ఎందరు భుజించుచున్నారో ఆమెకు లెక్క తెలియును గనుక తెలిసెను. లెక్క తెలియని ఇల్లాలికి రెండు మూటలును ఒక్కటిగానే కనిపించి యుండెడివి. ఏరుకొన్న గింజలతో బ్రతుకు పేద శరణుల ఇంట నున్న ఈ విజ్ఞానము నేడు లక్షల వ్యాపారము చేయు ఇండ్లలో కరవగుట విచారకరము.

ఒక దుకాణము లెక్క

ఒక పట్టణమున ఒక కిరాణా వర్తకుడున్నాడనుకొనవలెను. అతడు భక్తుడు, సత్యసంధుడు. పన్ను గాక అతని నెలసరి అమ్మకము 10,00,000 రూపాయలు. అందు 6,00,000 నగదు, 4,00,000 అరువు. అమ్మిన సరకు కొన్న ధర 8,80,000. మిగిలినది 1,20,000. ఇందులో దుకాణపు అద్దె 15,000, పనివారి జీతములు 36,000, కరెంటు, రవాణా, ఇతర ఖర్చులు 14,000, బ్యాంకు వడ్డీ 15,000. కాటా, ట్రాలీ ఆటో మొదలగునవి నానాటికి అరిగిపోవుచుండును గనుక వాని తరుగుదల క్రింద 5,000. మొత్తము 85,000. కావున నెలకు నిజమైన లాభము 35,000 రూపాయలు.

ఆ వర్తకుడు ఈ లెక్క ఎన్నడును వేసికొనలేదు. అతనికి కనిపించునది గల్లాపెట్టె. నెలకు 6,00,000 నగదు అనగా దినమునకు 20,000 రూపాయలు పెట్టెలో పడుచుండును. ఇంటికి కావలసినప్పుడెల్ల అందుండి తీయుచుండును. పాలకు, పిల్లల ఫీజులకు, చుట్టముల కానుకలకు తీసినది కూడినచో నెలకు 40,000 అగుచున్నది. ఏ పుస్తకమునను వ్రాయలేదు. సోమవారపు అన్నదానమునకు, జాతరకు, మఠపు చందాకు కలిపి నెలకు 10,000 దాసోహము. రెండును కలిసి 50,000.

లాభము 35,000, వాడినది 50,000. నెలనెలకు 15,000 రూపాయల మేరకు దుకాణపు మూలధనము కరగుచున్నది. మూడేండ్లకు 5,40,000. దానిపై పెరుగు వడ్డీ వేరు. పెట్టెలో దినదినము డబ్బు పడుచుండుటచే మొదటి రెండేండ్లు ఎవ్వరికిని అనుమానము రాదు. ఆ గుంటను పూడ్చుచున్నది ఎవరు? సరకిచ్చి నెలల తరబడి సొమ్మునకై తిరుగుచున్న టోకు వ్యాపారి. పదవ తేదీ వచ్చినను జీతమందని గుమాస్తా. బంగారము కుదువబెట్టిన ఇల్లాలు.

అన్నదానపు పలకపై మాత్రము వర్తకుని పేరు వ్రాయబడి యున్నది. లక్కమ్మ ఆ పంక్తి నడుమ నిలిచి, ఈ అన్నమెవరిదని అడిగినచో ఏమి సమాధానము గలదు? ఆ నెలలో అధికముగా పెట్టిన ప్రతి ముద్దయు గుమాస్తా ఇంటి పిల్లల నోటి నుండి వచ్చినదే. దాత సదుద్దేశము దానిని మార్చజాలదు.

దాసోహము మానవలెనని దీని అర్థము కాదు. లాభములో దాసోహమునకే అగ్రస్థానమీయవచ్చును. సమర్పించి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుట శరణుల మార్గము. కాని లాభము తేలకముందు సమర్పణము లేదు. ఈ వర్తకుడు తన 35,000 లో 5,000 మొదటనే దాసోహమునకు తీసి, ఇంటికి 25,000 నియమించుకొని, 5,000 ఆపత్కాలమునకు దాచినచో, అది పూర్వపు 10,000 కన్న చిన్నది. అయినను అది అతని స్వంతము.

ఆరు నియమములు

ఆర్థిక నిర్వహణ యనగానే పెద్ద కంపెనీల విద్య యని చిన్న వర్తకులు భయపడుదురు. దాని సారమంతయు కొన్ని నియమములలో ఇమిడి యున్నది.

మొదటిది, రెండు పెట్టెలు. దుకాణపు సొమ్ము ఒక చోట, ఇంటి సొమ్ము ఒక చోట ఉంచవలెను. బ్యాంకు ఖాతాలును రెండుండవలెను. యజమాని తన శ్రమకు నెలకింతయని నిర్ణయించి, ఒక తేదీన తీసికొనవలెను. నడుమ తీసికొన్నది పది రూపాయలైనను వ్రాయవలెను. తన గల్లాపెట్టె నుండి తాను తీసికొనుటకు వ్రాత యెందుకని అనుకొనువాడు ఆ పెట్టెలో తనది కొంతయే యని మరచుచున్నాడు.

రెండవది, అరువు పుస్తకము. పై వర్తకుని అరువు సరాసరి 60 దినములకు వసూలగుచున్నదనుకొందము. నెలకు 4,00,000 చొప్పున ఎల్లప్పుడును 8,00,000 రూపాయలు బయట నుండును. వసూలు 30 దినములకు తెచ్చుకొన్నచో 4,00,000 తిరిగి వచ్చి బ్యాంకు అప్పు అంతమేర తగ్గును. 12 శాతము వడ్డీ చొప్పున నెలకు 4,000 రూపాయలు మిగులును. ఒక్క మూట ఎక్కువ అమ్మకయే లభించిన లాభమిది. కావున ప్రతి వారము ఒకనాడు ఎవరి బాకీ ఎన్ని దినములది యని చూచి, మర్యాదగా అడుగుట నేర్చుకొనవలెను. లాభము వేరు, చేతిలోని నగదు వేరు. పుస్తకములో లాభము చూపుచునే నగదు లేక మూతపడిన దుకాణములు గలవు.

మూడవది, పరుల సొమ్ము. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినది. కొనుగోలుదారు చెల్లించిన ఆ పన్ను వర్తకుని చేతిలో నుండినను వర్తకునిది కాదు. అటులనే పనివారి జీతములో పట్టిన ప్రావిడెంటు ఫండు, సరకు కొరకు ముందుగా తీసికొన్న అడ్వాన్సు. ఇవి యన్నియు నిక్షేపములు. వీనిని వేరొక ఖాతాలో నుంచినవాడు గడువు తేదీన నిశ్చింతగా నుండును.

నాల్గవది, లాభము మొదలగు దినము. పై దుకాణమున నూరు రూపాయల అమ్మకములో మిగులునది 12 రూపాయలు. నెలసరి ఖర్చు 85,000 రావలెనన్న సుమారు 7,08,000 రూపాయల సరకు అమ్మవలెను. అనగా నెలలో మొదటి 21 దినముల అమ్మకము అద్దెకు, జీతములకు, వడ్డీకే చాలును. తనకై మిగులుట 22వ దినమున మొదలగును. ఇది తెలిసినవాడు పొరుగువానిపై పోటీతో ధర తగ్గించుటకు ముందు ఆలోచించును. నూరు రూపాయల వస్తువుపై 5 రూపాయలు తగ్గించినచో మిగులు 12 నుండి 7 కు పడిపోవును. పూర్వము 100 సంచులు అమ్మి సంపాదించినది తిరిగి రావలెనన్న సుమారు 171 సంచులు అమ్మవలెను.

అయిదవది, వడ్డీని సంవత్సరమునకు లెక్కించుట. నూటికి మూడు రూపాయల వడ్డీ యనిన చిన్నదిగా వినిపించును. అది ఏటికి 36 శాతము. కిరాణా వంటి వ్యాపారమున అంత వడ్డీ భరింపగల లాభము అరుదు. సరకునకై తెచ్చిన అప్పును సరకునకే వాడవలెను. బ్యాంకువారు వ్యాపారపు నిల్వలకై ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్టుతో కుమార్తె వివాహము చేసినచో, ఆ సొమ్ము అమ్మకముల రూపమున తిరిగి రాదు. వడ్డీ మాత్రము నెలనెలకు పడుచుండును.

ఆరవది, ఇంటివారికి తెలియుట. ఎన్నో ఇండ్లలో యజమాని లింగైక్యము చెందిన పిదప గాని అప్పుల సంగతి భార్యకు తెలియదు. పరామర్శకు వచ్చినవారిలో బాకీ యున్నవారు మౌనము వహింతురు. బాకీ రావలసినవారు కాగితములతో వత్తురు. ఏది నిజమో, ఏది కాదో ఆ తల్లికి తేల్చుకొను సాధనము లేదు. ఎవరికి ఎంత ఈయవలెను, ఎవరి నుండి ఎంత రావలెను, బీమా పత్రము ఎక్కడ నున్నది, బ్యాంకు ఖాతాలకు నామినీ ఎవరు అను నాలుగు విషయములు ఒక పుస్తకమున వ్రాసి, నెలకొకమారు దంపతులిరువురును కూర్చుండి చూడవలెను. లక్కమ్మకు లెక్క తెలిసి యుండుట చేతనే మారయ్య కాయకము శుద్ధమైనది.

మేనేజరు ధర్మము

పరుల సంస్థలో మేనేజరుగా నున్నవారికి బసవేశ్వరుడే సన్నిహితమైన ఆదర్శము. ఆయన చేత నున్నది తన ధనము కాదు, రాజధనము. చేతిలో నున్నది తనది కాదను స్పృహయే మేనేజరు కాయకమునకు పునాది.

దినాంతమున పుస్తకములోని నగదును, పెట్టెలోని నగదును సరిచూడవలెను. నెలకొకమారు బ్యాంకు స్టేటుమెంటుతో పుస్తకమును పోల్చవలెను. సొమ్ము తీసికొనువాడును, లెక్క వ్రాయువాడును ఒక్కడే కాకుండునట్లు ఏర్పాటు చేయవలెను. ఇది క్రిందివారిపై అనుమానము కాదు. మంచివానిని దుర్బల క్షణమున కాపాడు కంచె యిది. రేపు సర్దుదునని నేడు ఖర్చుల సొమ్ములోనుండి వేయి రూపాయలు తీసినవాడు దొంగతనము చేయదలచి తీయలేదు. అయినను రేపు రాకపోవచ్చును.

సరకిచ్చినవారికి సకాలమున సొమ్ము చెల్లించుటయు మేనేజరు ధర్మమే. సూక్ష్మ, లఘు, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము, 2006 ప్రకారము, సూక్ష్మ, లఘు సంస్థల సరఫరాదారులకు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను 45 దినములకు మించి చెల్లింపు ఆలస్యము చేయరాదు. చేసినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ నెలసరి లెక్కన ఈయవలసి వచ్చును. పెద్ద సంస్థ మేనేజరు బల్లపై నిలిచిపోయిన ఒక బిల్లు, చిన్న కార్ఖానాలో పదిమంది జీతమును ఆపగలదు. సంతకము చేయు చేతికి ఈ సంగతి తెలిసి యుండవలెను.

శిక్షణ

ఈ విద్య పుట్టుకతో వచ్చునది కాదు. నేర్చుకొనుట నామర్దా కాదు. హైదరాబాదు యూసుఫ్‌గూడలోని జాతీయ సంస్థ 1960లో ఢిల్లీలో ప్రారంభమై 1962లో హైదరాబాదునకు తరలివచ్చినది. సూక్ష్మ, లఘు, మధ్యతరహా సంస్థల వారికి శిక్షణ నిచ్చుట దాని పని. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల విద్యాసంస్థయు, ఆనాటి సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకులును కలిసి గ్రామీణ యువకులకు స్వయం ఉపాధి శిక్షణ ప్రారంభించిరి. ఆ నమూనాపైననే బ్యాంకులు జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను నెలకొల్పినవి. అచట శిక్షణ ఉచితము.

అయితే ఎట్టి శిక్షణ చిన్న వర్తకునకు ఉపకరించును? డొమినికన్ రిపబ్లిక్ దేశమున చిన్న వ్యాపారులపై జరిగిన ఒక పరిశోధన 2014లో ప్రచురింపబడినది. ఒక వర్గమునకు సంప్రదాయ అకౌంటింగు పాఠములు చెప్పిరి. మరొక వర్గమునకు సులభమైన సూత్రములు మాత్రము నేర్పిరి. వ్యాపారపు సొమ్మును ఇంటి సొమ్ముతో కలుపక వేరుగా నుంచుకొనుట వానిలో ముఖ్యమైనది. పెద్ద పాఠములు విన్నవారిలో చెప్పుకొనదగిన మార్పు కనిపించలేదు. సులభ సూత్రములు నేర్చినవారి లెక్కల నిర్వహణ మెరుగుపడినది. వచనమును సామాన్యుని భాషలో చెప్పిన శరణుల మార్గమును ఎరిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. ఆచరణకు వచ్చు చిన్న మాట, రాని పెద్ద శాస్త్రము కన్న మేలు.

కావున మఠములు బసవ జయంతి ఉత్సవములతోపాటు నాలుగు సాయంత్రములు ఇందుకు కేటాయించినచో మంచిది. సమాజమున చార్టర్డు అకౌంటెంట్లు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగులు అనేకులున్నారు. వారి విద్యాదానమును దాసోహముగానే భావింపవచ్చును. మొదటి సాయంత్రము రెండు పెట్టెలు, రెండవనాడు అరువు పుస్తకము, మూడవనాడు లాభము తేల్చుట, నాల్గవనాడు అప్పు, వడ్డీ. ప్రతివాడు తన దుకాణపు అంకెలతోనే లెక్క చేయవలెను. దంపతులు కలిసి రావలెను. గుమాస్తాలకును ప్రవేశముండవలెను.

మఠములకు

గృహస్థులకు చెప్పినది మఠములకును వర్తించును. మఠపు భండారము భక్తుల నిక్షేపము. అన్నదానమునకు ఇచ్చిన సొమ్ము అన్నదానమునకే, విద్యార్థి నిలయమునకు ఇచ్చినది విద్యార్థులకే చేరవలెను. ఒకదాని నుండి మరొకదానికి మార్చవలసి వచ్చినచో దాతల అనుమతితో, వ్రాతపూర్వకముగా జరుగవలెను. ఏటేట ఆడిటు చేయించి, జాతర నాడు రాబడి, వ్యయములను గోడపై అతికించు మఠమునకు చందా అడుగవలసిన అవసరము తగ్గును. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు 2019లో లింగైక్యము చెందువరకు అనేక దశాబ్దములు వేలాది విద్యార్థులకు అన్నము, అక్షరము పంచిరి. ఒకనాటి పంక్తికి ఉత్సాహము చాలును. నిత్య దాసోహము నిలుచుటకు రేపటి బియ్యమెంతయో నేడే తెలియవలెను.

లెక్క చూచుకొనుట లోభమని కొందరు తలంతురు. లోభి పరులకు ఈయవలసినది ఎగవేయుటకు లెక్కించును. భక్తుడు పరులది పరులకు చేర్చుటకు లెక్కించును. పుస్తకము ఒక్కటియే, దృష్టి వేరు. నేటి రాత్రి దుకాణము మూసిన పిదప ప్రతి వర్తకుడును ఒక కాగితముపై మూడు అంకెలు వ్రాసికొనవలెను. తాను ఈయవలసినది, తనకు రావలసినది, నిజముగా తనది. మూడవ అంకె చిన్నదైనను సిగ్గుపడనక్కరలేదు. ఏరుకొన్న గింజలతో దాసోహము చేసిన మారయ్య లక్కమ్మల వంశము వీరశైవుల వంశము. ఆ చిన్న అంకెలోనుండి తీసి పెట్టిన పిడికెడు బియ్యము కూడలసంగమేశ్వరునకు ప్రీతియగును.